‘అష్టా చమ్మా’లో నామానురాగము

దమయంతి నలుని చూడకయే వలచినది. అయినను ఆమె మనసును కదలించినది హంస వినిపించిన గుణములే గాని కేవలము పేరు కాదు. పేరునే వలచు నాయిక, 1895లో లండనున తొలిసారి ప్రదర్శింపబడిన ఆస్కార్ వైల్డ్ నాటకము ‘ది ఇంపార్టెన్స్ ఆఫ్ బీయింగ్ ఎర్నెస్ట్’లో కనిపించును. ‘ఎర్నెస్ట్’ పురుషుని పేరు. చెవికి ‘నిష్కపటుడు’ అను అర్థమును కూడ స్ఫురింపజేయును. పదము మార్చిన నిలువదు గనుక మమ్మటుని లెక్కలో ఇది శబ్దశ్లేషయే. దీనిని తెలుగు చేయుట యెట్లు?

ఇంద్రగంటి మోహనకృష్ణ 2008లో ‘అష్టా చమ్మా’ చిత్రమున శ్లేషను విడిచి, దాని పనిని ఒక సినీనటుని పేరుకు అప్పగించెను. లావణ్య మహేష్‌బాబు అభిమాని. మహేష్ అను పేరు గలవానినే పెండ్లాడునట! లక్కవరము రాంబాబు నగరమున మహేష్ అగును. మిత్రుడు ఆనంద్ అదే పేరుతో ఆ పల్లెకే చేరును. నలుని రూపమును నలుగురు దేవతలు ధరించినట్లు, ఇచ్చట ఒక్క పేరును ఇద్దరు ధరించిరి. దమయంతికి నీడ, చెమట, రెప్పపాటు ఆనవాళ్లైనవి. పేరుకు అట్టి ఆనవాళ్లు లేవు. హాస్యమంతయు అక్కడ పుట్టినదే.

నష్టము లేకపోలేదు. బొంకువాడే ‘నిష్కపటుడు’ అను పేరు పెట్టుకొనుటలోని వ్యంగ్యము తెలుగున జారిపోయినది. బదులుగా, తారాభిమానమెరిగిన తెలుగు ప్రేక్షకుడు ఆ పేరు వినగనే నవ్వును, వ్యాఖ్యానముతో పనిలేదు.