జీవ ఇంధనం - శాస్త్రాల సమన్వయం

డీజిల్ యంత్రం తన తొలి దినాలలోనే వృక్ష తైలంతో నడిచింది. 1900వ సంవత్సరంలో పారిస్ నగరంలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ యంత్రాన్ని వేరుశనగ నూనెతో నడిపి చూపారు. తరువాత చౌకగా లభించిన ఖనిజ తైలం వల్ల ఆ ప్రయత్నం మరుగున పడింది. శతాబ్దం గడిచాక, చమురు దిగుమతుల భారం మోస్తున్న భారతదేశం మళ్లీ గింజల వైపు దృష్టి సారించింది. ప్రణాళికా సంఘం ఏర్పాటు చేసిన నిపుణుల సమితి 2003లో అడవి ఆముదాన్ని, అనగా జట్రోఫాను, బంజరు భూములలో విస్తారంగా పెంచాలని సూచించింది.

అది తినే నూనె కాదు కనుక ఆహారానికి లోటు రాదు. పశువులు మేయవు కనుక కంచె అక్కరలేదు. ఎండను తట్టుకుంటుంది కనుక నీటి కొరత బాధించదు. ఈ మాటలు వినసొంపుగానే ఉన్నాయి. అయితే నీరు లేక బ్రతకడం వేరు, నీరు లేక కాయడం వేరు. మేలురకం విత్తనాలు సిద్ధం కాకముందే మొక్కలు నాటారు. బంజరులలో దిగుబడి ఆశించినదానికంటే చాలా తక్కువగా వచ్చింది. 2011-12 నాటికి డీజిల్‌లో 20 శాతం జీవ ఇంధనం కలపాలన్న లక్ష్యం నెరవేరలేదు. ఏళ్ల తరబడి ఎదురుచూచిన రైతులలో పలువురు ఆ మొక్కలను పీకివేశారు. నూనె నుండి ఇంధనం తయారుచేసే విద్య అప్పటికే తెలిసినదే. లోపం ఆ విద్యలో లేదు. శాస్త్రానికీ శాస్త్రానికీ నడుమ మిగిలిన ఖాళీలో ఉంది.

ఆ విద్య ఏమిటో తెలుసుకుంటే ఈ విషయం స్పష్టమవుతుంది. వృక్ష తైలం చిక్కనిది. నేరుగా వాడితే యంత్రంలో సన్నని తుంపరగా చిమ్మదు, మసి పేరుకుంటుంది. అందుచేత నూనెకు మిథనాల్‌నూ, కొద్దిపాటి క్షారాన్నీ చేర్చి వేడిచేస్తారు. బరువైన గ్లిసరిన్ అడుగుకు చేరి, పలుచని బయోడీజిల్ పైకి తేలుతుంది. నూనెలో విడి కొవ్వు ఆమ్లాలు అధికంగా ఉంటే మాత్రం క్షారం వాటితో కలిసి సబ్బవుతుంది. గింజలను తడిగా నిల్వచేస్తే ఆ ఆమ్లాలు పెరుగుతాయి. పల్లెలో గింజలు ఎండబెట్టిన తీరు కర్మాగారంలోని చర్యను శాసిస్తుందన్నమాట!

సంస్కృతంలో కరంజమనీ, నక్తమాలమనీ పిలిచే కానుగ మన నేలకు కొత్తది కాదు. దాని నూనెతో పూర్వం దీపాలు వెలిగించేవారు. దాని వేళ్లు నేలకు నత్రజనిని చేరుస్తాయి. నూనె తీయగా మిగిలిన పిండి పొలానికి ఎరువవుతుంది. ఆనాటి ఆదిలాబాద్ జిల్లాలోని పవర్‌గూడ గ్రామంలో గిరిజన మహిళలు కానుగ మొక్కలు పెంచి, గింజల నుండి నూనె తీశారు. డీజిల్‌కు బదులు ఆ నూనె వాడితే తగ్గే 147 టన్నుల బొగ్గుపులుసు వాయువుకుగాను 2003లో ప్రపంచ బ్యాంకు వారికి 645 డాలర్లు చెల్లించింది. మొత్తం స్వల్పమే. కాని అటువంటి లెక్క తేలాలంటే చెట్టు కాపు ఎరిగినవారు, వాయువును కొలవగలవారు, గింజలు ఏరే స్త్రీకి కూలి ఎంత గిట్టాలో తెలిసినవారు ఒక్కచోట కూర్చోక తప్పదు.

2018 నాటి జాతీయ జీవ ఇంధన విధానం 2030 నాటికి డీజిల్‌లో 5 శాతం బయోడీజిల్ కలపాలని సంకల్పించింది. వాడిన వంటనూనెను కూడా ముడిసరుకుగా గుర్తించింది. మాటిమాటికీ కాగిన ఆ నూనెలోనూ విడి ఆమ్లాలు అధికమే. వాటిని తొలగించే మార్గం రసాయన శాస్త్రానికి తెలుసు. ఊరూరా ఆ నూనెను సేకరించేదెవరు, ఏ ధరకు, అది మళ్లీ వంటింటికే చేరకుండా కాచేదెవరు అన్న ప్రశ్నలకు మాత్రం ఆ శాస్త్రం ఒక్కటే బదులు చెప్పలేదు.