శరత్కాలాంతమున హిమాలయ వాతావరణ సూచన

నైరుతి ఋతుపవనములు సామాన్యముగా సెప్టెంబరు చివరనో, అక్టోబరు మొదటి దినములలోనో నేపాళదేశమును వీడిపోవును. నాలుగు మాసములు మేఘముల చాటున దాగియున్న శిఖరములు అప్పుడు తేటగా కనబడును. వాన వెలిసిన గాలిలో దుమ్ము ఉండదు. నదుల పొంగు తగ్గును. కనుమదారులపై శీతకాలపు మంచు ఇంకను పేరుకొని ఉండదు. కావుననే అక్టోబరు, నవంబరు మాసములలో దేశదేశముల నుండి పర్వతయాత్రికులు అన్నపూర్ణ, ఎవరెస్టు ప్రాంతములకు వత్తురు. ముక్తినాథ క్షేత్రమునకు మన దేశము నుండియు యాత్రికులు వెళ్ళుదురు.

కాని, ఆకాశము నిర్మలముగా ఉన్నంత మాత్రమున రాబోవు దినములు కూడ అట్లే ఉండునని నమ్మరాదు. సరిగా ఈ కాలముననే బంగాళాఖాతమున తుపానులు పుట్టుచుండును. మన తీరమును తాకిన తుపాను రెండు దినములలో హిమాలయముపై మంచుగా కురియగలదు. 2014వ సంవత్సరమున జరిగినది ఇదియే.

విశాఖ నుండి థొరాంగ్ కనుమ వరకు

2014 అక్టోబరు 7న అండమాన్ సముద్రమున ఒక వాయుగుండము ఏర్పడినది. అది క్రమముగా బలపడి, హుద్‌హుద్ అను పేరు పొంది, అక్టోబరు 12 మధ్యాహ్నమున విశాఖపట్నము వద్ద తీరము దాటినది. అప్పుడు గాలి వేగము గంటకు సుమారు 170 నుండి 180 కిలోమీటర్లు. ఉత్తరాంధ్ర జిల్లాలకు కలిగిన నష్టము అపారము. అయినను తుపాను రాకను శాస్త్రజ్ఞులు ముందుగనే తెలిపినందున, తీరమందలి ప్రజలను పెద్ద సంఖ్యలో సురక్షిత స్థలములకు చేర్చగలిగిరి.

భూమిపైకి వచ్చిన పిదప తుపాను బలము తగ్గి, ఛత్తీస్‌గఢ్ మీదుగా ఉత్తరమునకు సాగి, తూర్పు ఉత్తరప్రదేశ్ వైపు చేరినది. అప్పటికది తుపాను కాదు, ఒక అల్పపీడనము మాత్రమే. అక్టోబరు 14న దాని మేఘములు అన్నపూర్ణ పర్వతప్రాంతమును కప్పినవి.

ఆ ప్రాంతమున మనాంగ్ లోయకును, ముక్తినాథమునకును నడుమ థొరాంగ్ లా అను కనుమ కలదు. దాని ఎత్తు 5,416 మీటర్లు. ఆనాడు కనుమ దాటుచున్న వారిపై ఎడతెగని మంచు కురిసినది. దారి కనబడలేదు. కొందరు త్రోవ తప్పి చలికి మరణించిరి. కొందరు కొండవాలు నుండి జారిపడిన మంచుచరియల క్రింద చిక్కుకొనిరి. ఈ ప్రాంతమున మొత్తము 43 మంది మరణించిరి. వారిలో పెక్కు దేశముల యాత్రికులతోపాటు, దారి చూపువారు, బరువులు మోయువారు అయిన నేపాళీయులును కలరు. అనేక వందల మందిని రక్షింపగలిగిరి.

అట్లాసు తెరచి చూచినచో ఒక విశేషము కనబడును. విశాఖపట్నము, థొరాంగ్ కనుమ రెండును 83, 84 డిగ్రీల తూర్పు రేఖాంశముల నడుమనే ఉన్నవి. ఒకదానికి సరిగా ఉత్తరమున, సుమారు 1,200 కిలోమీటర్ల దూరమున రెండవది ఉన్నది.

ఇట్టిది ఇదే మొదటిసారి కాదు. 1995 నవంబరులో ఆంధ్ర, ఒరిస్సా సరిహద్దు ప్రాంతమును తాకిన తుపాను శేషము కూడ నేపాళమునకు చేరి భారీగా మంచు కురిపించినది. అప్పుడు ఎవరెస్టు ప్రాంతములోని గోక్యో లోయలో మంచుచరియ పడి ఇరువది మందికి పైగా మరణించిరి.

బలము తగ్గినను తేమ తగ్గదు

తుపానునకు ఆహారము వెచ్చని సముద్రము నుండి లేచు నీటియావిరి. ఒక గ్రాము ఆవిరి నీరుగా మారునప్పుడు సుమారు 600 కేలరీల గుప్తోష్ణము వెలువడును. ఈ వేడియే గాలిని పైకి లేపి సుడిని నడిపించును. భూమిపైకి రాగానే ఈ ఆహారము అందదు. నేల రాపిడి వలన గాలివేగమును తగ్గును. కావున సుడి సడలిపోవును.

అయితే సుడి సడలినంత మాత్రమున అది మోసుకొని వచ్చిన తేమ అంతయు మాయము కాదు. శరత్కాలాంతమున ఉత్తర భారతముపై, ఆకాశపు పై పొరలలో, పశ్చిమ పవనములు బలపడుచుండును. వీనిలో అప్పుడప్పుడు దక్షిణమునకు వంగిన ద్రోణి ఏర్పడును. ద్రోణికి తూర్పు వైపున గాలులు ఉత్తరమునకు, ఈశాన్యమునకు వీచును. 2014లో హుద్‌హుద్ శేషము ఇట్టి ద్రోణి ప్రభావమునకు లోబడుటచే, దాని తేమ హిమాలయము వైపు ఈడ్వబడినది.

తేమగాలికి పర్వతము అడ్డు వచ్చినప్పుడు అది వాలు వెంబడి పైకి ఎక్కును. పైకి పోయిన కొలది పీడనము తగ్గును, గాలి వ్యాకోచించును, వ్యాకోచించుటచే చల్లబడును. చల్లబడిన గాలి తనలోని ఆవిరినంతటిని నిలుపుకొనలేదు. అది చుక్కలుగనో, హిమకణములుగనో రాలును. మైదానమున బలహీనమైన అల్పపీడనమే పర్వతముపై ఘోరమైన మంచుతుపాను కాగలుగుటకు కారణము ఇదియే.

వానయా, మంచా?

కొండలలో ఎంత తేమ కురియుననుట ఒక్కటే చాలదు. అది ఏ రూపమున, ఏ ఎత్తున కురియుననుట ముఖ్యము. సామాన్యముగా 1,000 మీటర్లు ఎక్కినచో ఉష్ణోగ్రత సుమారు 6.5 సెంటిగ్రేడు డిగ్రీలు తగ్గును. దీనిని బట్టి విద్యార్థులు ఒక చిన్న లెక్క చేయవచ్చును. 1,400 మీటర్ల ఎత్తునగల ఖాట్మండులో ఉష్ణోగ్రత 20 డిగ్రీలు ఉన్నదనుకొందము. 5,400 మీటర్ల కనుమ అంతకన్న 4,000 మీటర్లు ఎత్తు. తగ్గుదల 26 డిగ్రీలు. కనుక కనుమపై ఉష్ణోగ్రత సున్నకు 6 డిగ్రీలు క్రిందుగా ఉండును. సున్న డిగ్రీలుండు ఎత్తు సుమారు 4,500 మీటర్లు.

ఒకే మేఘము ఈ హద్దుకు చాల క్రింద వానగను, పైన మంచుగను కురియును. అంతేకాదు, మంచు కరుగుటకు గ్రామునకు 80 కేలరీల వేడి కావలెను. పడుచున్న మంచు ఆ వేడిని చుట్టునున్న గాలి నుండియే గ్రహించును. అందుచే ఎడతెగక కురిసినప్పుడు గాలి చల్లబడి, మంచు హద్దు ఇంకను క్రిందికి దిగును. ఉదయమున వాన పడిన ఊరిలో సాయంత్రమునకు మంచు పడవచ్చును.

ఒక సెంటిమీటరు వాన నీరు సుమారు 10 సెంటిమీటర్ల క్రొత్త మంచుతో సమానము. కనుక మైదానమున చిన్న వాన అనిపించుకొనునది కొండపై మోకాలి లోతు మంచు కాగలదు. 30 నుండి 45 డిగ్రీల వాలు గల చోట్ల ఇట్లు త్వరత్వరగా పేరుకొన్న మంచు తన బరువునకు తానే జారును.

సూచన తయారగు విధము

వాతావరణ శాస్త్రజ్ఞులు భూమండలమంతటి గాలిని గడులుగా విభజించి, ఒక్కొక్క గడిలోని పీడనము, ఉష్ణోగ్రత, తేమ, గాలుల మార్పును కంప్యూటరుపై లెక్కగట్టుదురు. ఒక గడి 12 కిలోమీటర్ల వెడల్పు ఉన్నచో, అందులోని లోయ, వాలు, శిఖరము అన్నియు కలిసి ఒకే సగటు ఎత్తుగా మారిపోవును. ఇసుక దిబ్బలను అరచేతితో చదును చేసినట్లే ఇది. అందుచే మైదానమునకు సరిపోవు లెక్క కనుమకు సరిపోదు. 2025 మే మాసమున భారతదేశము 6 కిలోమీటర్ల గడులు గల క్రొత్త పద్ధతిని ప్రవేశపెట్టినది. గడి చిన్నదైన కొలది కొండల రూపము లెక్కలో స్పష్టపడును. అయినను లెక్క చెప్పిన ఉష్ణోగ్రతను కనుమ ఎత్తునకు తగినట్లు సవరించుకొనుట అవసరమే.

సూచన చేరవలసిన చోటు

2014లో తుపాను పోవు దారి తెలియక ప్రమాదము జరుగలేదు. హుద్‌హుద్‌ను మొదటి నుండియు ఉపగ్రహములు కనిపెట్టుచునే ఉన్నవి. తీరమున ఆ వార్త ప్రతి ఇంటికి చేరినది. కొండదారిపై నడచుచున్న పెక్కుమందికి మాత్రము, దూరపు సముద్రమున పుట్టిన తుపానునకును తమ కనుమకును గల సంబంధము తెలియజెప్పిన హెచ్చరిక అందలేదు. కనుమ దాటవలెనా, ఒకటి రెండు దినములు ఆగవలెనా అను ప్రశ్నకు ఉపయోగపడనప్పుడు, ఎంత గొప్ప లెక్కయైనను సూచన అనిపించుకొనదు.

కనుక శరత్కాలాంతమున కొండలకు పోవువారు నాలుగు విషయములు విచారింపవలెను. బంగాళాఖాతమున వాయుగుండము కలదా? పశ్చిమ పవనములలో ద్రోణి వచ్చుచున్నదా? సున్న డిగ్రీల హద్దు ఏ ఎత్తున ఉన్నది? మంచు కురిసినచో దారికి పైనున్న వాలు ఎట్టిది? పీడనమును బట్టి ఎత్తును తెలుపు సాధనము చేతనున్నవారు మరియొక గుర్తు కనుగొనవచ్చును. సుమారు 4,000 మీటర్ల ఎత్తున ఒకేచోట నిలిచియున్నను, పీడనము ఒక మిల్లీబారు తగ్గగానే ఆ సాధనము సుమారు 12 మీటర్లు ఎక్కినట్లు చూపును. రాత్రి నిద్రించినచోటనే ఉదయమునకు ఎత్తు పెరిగినట్లు కనబడినచో, చెడు వాతావరణము సమీపించుచున్నదని అనుమానింపవలెను.

తుపాను తీరము దాటినదన్న వార్తతో సముద్రతీరవాసులకు భయము తీరవచ్చును. కాని అదే వార్త పర్వతవాసులకు మేలుకొమ్మను పిలుపు. పాఠశాలలో భారతదేశ పటముపై తుపాను దారిని గీయునప్పుడు, ఆ గీతను తీరముతో ఆపక హిమాలయము వరకు పొడిగించి చూపుట మంచిది.