చేనులో వేరుశనగ.. చేతిలో చిప్స్ పొట్లం

సాయంత్రం బడి గంట కొట్టగానే పిల్లలు ముందుగా పరుగెత్తేది ఇంటికి కాదు, వీధి మొగదల ఉన్న బంకు దగ్గరికి. బంకు ముందు దండలు దండలుగా వేలాడే రంగురంగుల పొట్లాల్లో ఒకటి తెంపించుకుని, ఐదు రూపాయల బిళ్ల చేతిలో పెట్టి, ఇంటి గడప తొక్కేలోగా దాన్ని ఖాళీ చేసేస్తారు. అదే ఇంటి వసారాలో గోడవారగా వేరుశనగ మూటలు పేర్చి ఉంటాయి. వాటిని ముట్టుకునేవారు లేరు. అవి వ్యాపారి రాక కోసం కాచుకుని ఉన్నాయి.

అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల పల్లెల్లో కట్టె పీకి కాయలు విడదీసిన తరువాత ఏ ఊరికి వెళ్లినా కనిపించే దృశ్యమే ఇది. రెండు జిల్లాలూ 2022 ఏప్రిల్‌కు ముందు ఒకటే. దేశంలోకెల్లా వానలు తక్కువ పడే ప్రాంతాల్లో ఒకటైన ఈ సీమ, చెనక్కాయనే నమ్ముకుని దశాబ్దాలుగా బతికింది. కదిరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన కదిరి-6 రకం పేరు తెలియని రైతు ఇక్కడ లేడు. అయినా ఆ పంట పండించిన ఇంటి పిల్లవాడి నోట్లోకి మాత్రం ఆ గింజ వెళ్లడం రానురాను తగ్గిపోతున్నది.

2019-21 మధ్య జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 63.2 శాతం మందికి, 15-49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉన్నది. తెలంగాణలో పిల్లల సంఖ్య 70 శాతం. బియ్యం లేక వచ్చిన జబ్బు కాదిది. బియ్యం ఇంటింటికీ చౌక డిపో నుంచి వస్తూనే ఉన్నది. కడుపు నిండుతున్నది కానీ ఒంటికి కావలసినవి అందడం లేదు. రెండు పూటల అన్నానికి మధ్య పిల్లలు ఏమి తింటున్నారన్నది అందుకే చిన్న విషయం కాదు.

లెక్క వేసి చూస్తే

2025-26 సీజనుకు కేంద్రం ప్రకటించిన వేరుశనగ మద్దతు ధర క్వింటాలు కాయలకు 7,263 రూపాయలు. అంటే కిలో కాయలు 72 రూపాయల 63 పైసలు. మార్కెట్టులో అంత పలికిందా లేదా అన్నది రైతులకు వేరే చెప్పనక్కరలేదు. కిలో కాయలు కొడితే పప్పు 650 నుంచి 700 గ్రాములు వస్తుంది. ఆ లెక్కన మద్దతు ధర పూర్తిగా దక్కినా కిలో పప్పుకు రైతుకు ముట్టేది సుమారు 104 నుంచి 112 రూపాయలే.

ఇక బంకులో పొట్లం. ఐదు రూపాయల పొట్లాల్లో చాలావాటిలో సరుకు పాతిక గ్రాములు మించదు. మిగతాదంతా గాలి. పాతిక గ్రాములే ఉన్నదనుకున్నా కిలో 200 రూపాయలు పడినట్టు. నూట పదికి అమ్మి రెండువందలకు కొనడమన్నమాట. అమ్మింది వేరుశనగ, కొన్నది ఆలుగడ్డ రేకులో, మొక్కజొన్న పిండి కడ్డీలో.

పాతిక గ్రాముల వేరుశనగ పప్పు అంటే పిల్లవాడి గుప్పెడు. అందులో సుమారు ఆరు గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. ఒక కోడిగుడ్డులో ఉన్నంత. అంతే బరువు చిప్స్‌లో రెండు గ్రాములు దాటడం అరుదు. నూనె రెండింటిలోనూ ఉన్నది, ఆ మాట దాచనక్కరలేదు. వేరుశనగలో నూటికి నలభై వంతులు నూనే. కనుక అదైనా గుప్పెడు తినవలసిందే గాని గంపెడు కాదు. అయితే గింజలోని నూనె గింజది. పొట్లంలోని నూనె బాండీలో కాగినది, ఎక్కువగా పామాయిలు. దానిపైన ఉప్పు. పెద్దవారికే రోజుకు ఐదు గ్రాముల లోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. పిల్లలకు అంతకంటే తక్కువ.

పొట్లం వెనుక అన్నీ రాసే ఉంటాయి, కాకపోతే ఆవగింజంత ఇంగ్లీషు అక్షరాల్లో. పెద్ద తరగతి చదివే పిల్లల చేత ఒకసారి చదివించుకోవడం మంచిది. అందులో ఏ సరుకు ఎక్కువ ఉంటే దాని పేరు ముందు రాయాలని నిబంధన. మొదటి రెండు మూడు పేర్లు చూస్తే లోపల ఏముందో సగం తెలిసిపోతుంది.

తప్పు తల్లులది అనడం తేలిక

వెనుకటి ఆడవాళ్లు అన్నీ ఇంట్లో చేసేవారు, ఇప్పటివారికి ఒళ్లు వంగదు అని అరుగుల మీద కూర్చుని అనేవారు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. పొద్దున్నే ఉపాధి పనికో కలుపుకో వెళ్లి, పొద్దుగూకే వేళకు ఇల్లు చేరే తల్లికి నిప్పట్లు వత్తి, మురుకులు తిప్పే తీరిక ఎక్కడిది? ఏడ్చే పిల్లవాడి చేతిలో ఐదు రూపాయలు పెట్టడం ఆమెకు మిగిలిన దారి. పంట చేతికి వచ్చేసరికి అప్పుల వాళ్లు కళ్లం దగ్గరే కూర్చుంటారు. మూటలన్నీ బండికెక్కడానికి అదొక కారణం.

మరొక కారణం పొలంలోనే ఉన్నది. ఒకప్పుడు ఈ సీమ చేలలో కొర్ర, సజ్జ, జొన్న, రాగి, అలసంద, ఉలవ ఉండేవి. ఏ పంట ఇంటికి వస్తే ఆ చిరుతిండి వంటింట్లో ఉండేది. జొన్న పేలాలు, నువ్వులద్దిన సజ్జ రొట్టెలు, అలసంద గుగ్గిళ్లు, కొర్ర పిండి బెల్లం ముద్దలు. వేరుశనగ విస్తరించిన కొద్దీ ఇవి చేల నుంచి తప్పుకున్నాయి, ఆ వెనుకే వంటింటి నుంచీ తప్పుకున్నాయి. చెన్నేకొత్తపల్లి కేంద్రంగా 1990 నుంచి పనిచేస్తున్న టింబక్టు కలెక్టివ్ వంటి సంస్థలు చిరుధాన్యాలను మళ్లీ చేలలోకి తేవడానికి పూనుకున్నాయి.

చిరుతిళ్లలో ఏది ఎవరికి ఎప్పుడు పెట్టాలో కూడా పెద్దలకు ఒక లెక్క ఉండేది. నాగుల పండుగకు పుట్ట దగ్గర నువ్వుల చిమ్మిలి. సంక్రాంతికి నువ్వులు, బెల్లం. ఆడపిల్ల పెద్దమనిషి అయితే చిమ్మిలి, మినప సున్నుండలు. ఎదిగే ఒంటికి బలం కావాలని అలా పెట్టేవారు. ఈ రోజుల్లో ఆ వేడుకకు షామియానా వేస్తున్నారు, ఫ్లెక్సీ కట్టిస్తున్నారు, చిమ్మిలి మాత్రం పళ్లెంలో శాస్త్రానికి రెండు ఉండలు.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం వంద గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల సున్నం ఉన్నది. మిల్లు బియ్యంలో అది పది మిల్లీగ్రాములు కూడా లేదు. నువ్వుల్లో వెయ్యి దాటుతుంది. రాష్ట్రంలో బడి భోజనంలోకి 2020 జనవరిలో వేరుశనగ చిక్కి, 2023 మార్చిలో రాగిజావ వచ్చి చేరాయి. ప్రభుత్వం బడిలో పెట్టినది మన పెరటి సరుకే.

పాకం పట్టనవసరం లేని ఉండ

తీరిక లేని ఇంటికి తగిన పద్ధతి ఒకటి ఉన్నది. రెండు గ్లాసుల వేరుశనగ పప్పును ఇనుప బాండీలో సన్నని మంట మీద వేయించాలి. మంట పెంచితే పైన మాడి లోపల పచ్చిగా ఉండిపోతుంది. గింజ చిటపటమని, పొట్టు నలిపితే రాలుతుంటే దించవచ్చు. చల్లారాక చేటలో వేసి పొట్టు చెరిగేయాలి. కొందరు పొట్టుతోనే దంచుతారు, అదీ మంచిదే, కాస్త వగరు తగులుతుంది. గ్లాసు బెల్లం తరిగి రెంటినీ రోట్లో వేసి దంచితే కాసేపటికి గింజలోని నూనె బయటికి వచ్చి ముద్ద దానంతటదే చేతికి అంటుతుంది. నెయ్యి అక్కరలేదు. మిక్సీ ఉన్నవారు ఆపి ఆపి తిప్పాలి, ఒకేసారి తిప్పితే జిగురై పోతుంది. గుప్పెడు వేయించిన నువ్వులు కలిపితే రుచీ పెరుగుతుంది, సున్నమూ చేరుతుంది. అరగంట పని. మూత బిగువైన డబ్బాలో పది రోజులకు తగ్గకుండా నిలువ ఉంటుంది.

పాకం పట్టి చేసేవి ఇంకా ఎక్కువ రోజులు ఉంటాయి. బెల్లం పాకం చుక్క నీళ్ల పళ్లెంలో వేస్తే ఉండ కట్టి, పళ్లానికి కొడితే టంగుమనాలి. అంతకు ముందే దించితే పళ్లకు అంటుకుపోతుంది. ఐదేళ్ల లోపు పిల్లలకు గట్టి పట్టీలు, గుండు గింజలు పెట్టకూడదు. గింజ గొంతుకు అడ్డం పడితే ప్రాణం మీదికి వస్తుంది. వారికి దంచిన మెత్తని ఉండే పెట్టాలి. ఎక్కడో ఒకరికి వేరుశనగ పడదు. తిన్న వెంటనే దద్దుర్లు, వాపు, ఆయాసం కనిపిస్తే ఆసుపత్రికి తీసుకెళ్లాలి, మళ్లీ పెట్టకూడదు.

బెల్లంలో ఇనుము దండిగా ఉందని ఊళ్లలో గట్టి నమ్మకం. ఉన్నది కొంత, అది కూడా తయారుచేసిన తీరును బట్టి. రెండు ఉండలు తింటే రక్తం పడుతుందనుకుని అంగన్‌వాడీలో, బడిలో ఇచ్చే ఇనుము మాత్రలను పక్కన పడేయడం పొరపాటు. మాత్ర మాత్రదే, తిండి తిండిదే. తిన్న ఇనుము ఒంటబట్టాలంటే పులుపు తోడు కావాలి. ఉండతో పాటు ఒక జామకాయ ముక్క, ఉసిరికాయ, లేదా గుగ్గిళ్ల మీద నిమ్మకాయ పిండుకున్నా చాలు. తిన్న వెంటనే టీ తాగితే ఆ ఇనుమును అది అడ్డుకుంటుంది. పిల్లలకూ గ్లాసుతో టీ పోసే అలవాటు ఉన్న ఇళ్లు దీన్ని కాస్త పట్టించుకోవాలి.

బూజు పట్టిన గింజ

అన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త ఒకటి ఉన్నది. మంచి కాయలన్నీ వ్యాపారికి, తాలు కాయలు, రంగు మారిన గింజలు ఇంటికి అన్నది చాలా ఇళ్లలో ఆనవాయితీ. అది ప్రమాదం. వేరుశనగకు పట్టే ఒక రకం పచ్చని బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోతే, వాటికి దాణాగా వేసిన వేరుశనగ చెక్కే కారణమని తేలింది. ఆ విషం మనుషుల కాలేయాన్ని దెబ్బతీస్తుంది. వేయించినంత మాత్రాన పూర్తిగా పోదు. పంట ఊరే దశలో వాన ముఖం చాటేస్తే ఈ బూజు మరీ ఎక్కువగా పడుతుంది. ఈ సీమకు ఆ పరిస్థితి కొత్తది కాదు. ముడతలు పడ్డవి, నల్లబడ్డవి, చేదుగా తగిలినవి ఏరి పారేయాలి. పశువులకూ వేయరాదు. ఆవు తింటే పాలల్లోకి దిగుతుంది.

కాయలను బాగా ఎండబెట్టి, ఊపితే లోపల గింజ గలగలమనే దాకా ఆగి మూట కట్టాలి. పప్పుగా కొట్టి దాస్తే త్వరగా పుచ్చిపోయి కంపు కొడుతుంది. కాయగానే ఉంచి వారానికి కావలసినంత ఒలుచుకోవాలి.

ఇంటికి ఎంత కావాలి? ఇద్దరు పిల్లలకు రోజూ చెరొక పాతిక గ్రాములు అనుకుంటే ఏడాదికి సుమారు పద్దెనిమిది కిలోల పప్పు. అంటే ఇరవై ఎనిమిది కిలోల కాయలు. మద్దతు ధర ప్రకారం వాటి విలువ రెండువేల ముప్పై రూపాయలు. అదే ఇద్దరు పిల్లలు రోజుకొక ఐదు రూపాయల పొట్లం కొంటే ఏడాదికి 3,650 రూపాయలు. బెల్లం ఖర్చు కలుపుకున్నా ఇంటి ఉండే చౌక. విత్తనానికని ప్రతి రైతూ వ్యాపారి రాకముందే కొన్ని మూటలు పక్కకు తీసి పెడతాడు. వాటి పక్కన తిండి మూట ఇంకొకటి, నేల చెమ్మ తగలకుండా చెక్క మీద పెట్టి, ఎలుక దూరకుండా చూసుకుంటే మళ్లీ కొత్త పంట వచ్చేదాకా సరిపోతుంది.