శ్రీగంధం, టేకు మొక్కలు కొనేముందు అటవీ కళాశాలను ఏమని అడగాలి?

ప్రొద్దుటూరు, చేవెళ్ల, మొయినాబాద్ వైపు ఎక్కడికి వెళ్లినా ఈమధ్య ఒకే ప్రశ్న ఎదురవుతోంది. "సార్, క్యారెట్ తీసేసి రెండెకరాల్లో శ్రీగంధం పెట్టమంటారా? పదేళ్లలో కోటి వస్తదంటున్నరు." ఆ మాట చెప్పేది ఎక్కువగా మొక్కలు అమ్మేవారే. దాన్ని నిలదీయాలంటే చెట్ల మీద పరిశోధన ఎలా జరుగుతుందో మనకు కొంత తెలిసి ఉండాలి.

మన రాష్ట్రంలో ఈ చదువు కోసం 2016లో అటవీ కళాశాల, పరిశోధన సంస్థను ప్రారంభించారు. తమిళనాడులోని మెట్టుపాలయం కళాశాల దీనికి నమూనా. మొదట దూలపల్లిలో నడిచింది, 2019 డిసెంబరులో ములుగులోని సొంత ప్రాంగణానికి మారింది. ఇంటర్ తరువాత నాలుగేళ్ల బీఎస్సీ ఫారెస్ట్రీ ఇక్కడ చదవవచ్చు. మన ప్రొద్దుటూరు అనగానే కడప జిల్లా అనుకునేవాళ్లు ఉన్నట్లే, ములుగు అనగానే మేడారం దగ్గరి ములుగు అనుకుని బస్సెక్కేవాళ్లూ ఉన్నారు. ఇది సిద్దిపేట జిల్లా ములుగు. హైదరాబాద్ నుంచి కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి మీద ఉంటుంది.

క్యారెట్ రకం మంచిదో కాదో వంద రోజుల్లో తేలిపోతుంది. టేకు విషయంలో అలా కుదరదు. ముందు అడవిలో నిటారుగా, లావుగా పెరిగిన మేలైన చెట్లను గుర్తిస్తారు. వాటి విత్తనం లేదా కొమ్మల నుంచి మొక్కలు పెంచి, వేర్వేరు నేలల్లో నాటి, ఏటా చుట్టుకొలత, ఎత్తు కొలుస్తారు. చేవ ఎంత పట్టిందో చూడడానికి బోలుగా ఉండే బర్మాతో కాండంలోంచి పెన్సిల్ అంత ముక్క తీసి పరీక్షిస్తారు. ఒక శాస్త్రవేత్త నాటిన చెట్టు ఫలితాన్ని చాలాసార్లు ఆయన శిష్యుడే రాయాల్సి వస్తుంది. అందుకే "మా రకం పదేళ్లకే కోతకు వస్తుంది" అని ఎవరైనా అంటే, పదేళ్లు నిండిన తోట ఎక్కడుందో చూపించమనండి.

నేనూ ఒకసారి మోసపోయాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా అన్న పొలంలో, రెండడుగుల కింద మొరం తగిలే చల్క నేలలో, ఒక నర్సరీ మాట విని టేకు పెట్టించాను. మూడేళ్లు బాగానే పెరిగింది, తర్వాత ఆగిపోయింది. ఇరవై ఏళ్లకు కొడితే లోపల చేవ చారెడంత. వ్యవసాయం చదివినవాణ్ణయి ఉండి గుంత తవ్వి చూడలేదు. అన్న ఇప్పటికీ ఆ మాట ఎత్తుతాడు.

ఇక కలప లెక్క. చెట్ల సంఖ్య చూపించి ఆశ పెడతారు కాబట్టి ఇది మీరే వేసుకోవడం నేర్చుకోవాలి. దుంగ మధ్యలో చుట్టుకొలతను అంగుళాల్లో కొలవండి. దాన్ని నాలుగుతో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణించండి. అడుగుల్లో పొడవుతో గుణించి 144తో భాగిస్తే ఘనపు అడుగులు వస్తాయి. 32 అంగుళాల చుట్టుకొలత, 12 అడుగుల పొడవు ఉంటే 8 × 8 × 12 ÷ 144, అంటే సుమారు 5.3 ఘనపు అడుగులు. చుట్టుకొలత 16 అంగుళాలే ఉంటే 1.3 మాత్రమే. లావు సగమైతే కలప పావు వంతుకు పడిపోతుంది.

ఎకరాకు 2 × 2 మీటర్లలో వెయ్యి మొక్కలు పడతాయి, 4 × 4 మీటర్లలో 250. వెయ్యి సన్న చెట్లలోనూ, వాటికి రెట్టింపు లావున్న 250 చెట్లలోనూ మొత్తం కలప ఒక్కటే. కానీ సన్న దుంగలో చేవ ఉండదు, వాసానికో గుంజకో పోతుంది. లావు దుంగకు కోత మిల్లులో వచ్చే ధర వేరు. దగ్గరగా నాటినా మధ్యలో చెట్లు తీసి పలుచన చేయాల్సిందే. మనవాళ్లకు పెంచిన చెట్టు మీద కత్తి పెట్టడానికి మనసొప్పదు, నష్టం అక్కడే మొదలవుతుంది.

శ్రీగంధం సంగతి ఇంకా వేరు. అది తన వేళ్లతో పక్క మొక్క వేళ్లను పట్టుకుని కొంత ఆహారం తీసుకుంటుంది. నర్సరీ సంచిలోనే పొన్నగంటి లాంటి తోడు మొక్క ఉండాలి. పొలంలో పక్కన కంది, ఆ తర్వాత సరుగుడు లాంటి చెట్టు కావాలి. తోడు లేకుండా ఒంటరి మొక్కలు అమ్మితే కొనకండి. నీరు నిలిచే రేగడిలో పెట్టకండి. నూనె ఉండేది చేవలోనే, అది చెప్పుకోదగ్గంతగా పట్టడానికి పదిహేనేళ్లయినా కావాలి. చేవ పట్టాక దొంగల భయం. ఊరికి దూరంగా, కాపలా లేని పొలమైతే నేను వద్దనే చెబుతాను.

నీలగిరి, సుబాబుల్ టన్నుల్లో అమ్మే సరుకు. సారపాక కాగితపు మిల్లు మనకు మూడు వందల కిలోమీటర్ల పైమాటే, లారీ కిరాయే తినేస్తుంది. ప్లైవుడ్‌కు పనికొచ్చే మలబార్ వేప కొంత మేలు. మొదటి రెండేళ్లు అంతర పంట తీసుకోవచ్చు, పక్క కొమ్మలు మాత్రం ఎప్పటికప్పుడు కత్తిరించాలి.

రెండు మూడెకరాల రైతుకు నా సలహా: నీళ్లున్న కూరగాయల మడిని కదపకండి. గట్ల మీద ఉత్తరం, పడమర వైపున టేకో మలబార్ వేపో ఒక వరుస పెట్టండి, పంట మీద నీడ తక్కువగా పడుతుంది. బోరు ఎండి బీడు పడిన ముక్క ఉంటే అక్కడ తోట ఆలోచించవచ్చు.

ములుగు దూరమనుకుంటే మనకు దగ్గర్లోనే రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో వ్యవసాయ అడవుల పరిశోధన విభాగం ఉంది. వెళ్లేటప్పుడు మట్టి పరీక్ష కార్డు, మూడడుగుల గుంత తవ్వి తీసిన ఫోటో, బోరు నీళ్ల వివరం పట్టుకెళ్లండి. నాటిన చెట్లను ఏఈవో దగ్గర పంట నమోదులో రాయించండి. కొట్టేటప్పుడు, తరలించేటప్పుడు ఏ చెట్టుకు ఏ అనుమతి కావాలో అటవీ రేంజ్ అధికారిని నాటకముందే అడగండి. మొక్కలకు బయానా ఇచ్చేది ఇవన్నీ అయ్యాకే.