కొండవంకలలో రాళ్లవరద: ముందుగా గుర్తించు విధము

మన నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములకు తూర్పున నల్లమల కొండలున్నవి. అహోబిలము కడ భవనాశి వలె కొండల నడుమనుండి దిగు వంకల యంచున పొలములు గలవారు ఒక్క విషయమెరుగవలెను. పెద్దవానలో వంకను దిగునది నీరు మాత్రమే కాకపోవచ్చును.

నిటారు వాలునందలి మన్ను వాననీటితో నిండగా దాని పట్టు సడలును. అది జారి వంకలో పడి, రాళ్లను, చెట్లను కలుపుకొని దొర్లివచ్చును. 2024 జూలై 30వ తేదీన కేరళయందలి వయనాడులో ఇట్లే రెండువందలకు పైగా ప్రాణములు పోయినవి.

దీనిని ముందుగా గుర్తించుటెట్లు? కెయిన్ అను శాస్త్రజ్ఞుడు 1980లో వివిధ దేశముల 73 సంఘటనలను పరిశీలించి ఒక హద్దు తేల్చెను. గంటలో సుమారు 15 మిల్లీమీటర్లు, లేక దినములో సుమారు 100 మిల్లీమీటర్ల వాన ఆ హద్దు. హద్దు దాటిన ప్రతిసారియు కొండ జారదు. దాటనిచో జారుట అరుదు. అయినను ప్రతి కొండకును హద్దు వేరు. మునుపటి వానలకు కొండ నానియున్నచో మరింత జాగ్రత్త వలయును. కావున ప్రతి సంఘమును ఒక వర్షమాపకమునుంచి, దినదినము లెక్క వ్రాయించుట మేలు.

వాన తగ్గకుండగనే వంకనీరు హఠాత్తుగా తగ్గినచో సంతోషింపరాదు. పైన రాళ్లు అడ్డుపడి నీరు నిలిచియుండవచ్చును. ఆ అడ్డు తెగినచో అంతయు ఒక్కుమ్మడిగా వచ్చును. నీరు చిక్కని బురదయైనను, రాళ్లు కొట్టుకొను చప్పుడు వినబడినను, వెంటనే పశువుల పలుపులు విప్పవలెను. వంక వెంబడి పరుగెత్తక, ప్రక్కనున్న మెట్టకెక్కవలెను. వానకాలపు రాత్రులలో వంకయందు మందను నిలుపరాదు.