పన్ను పోతే పోనీ, మరి ఎముక?

"పన్ను కదుల్తోందా? పీకించేయ్, ఇంప్లాంట్ పెట్టించుకోవచ్చు." ఈ మాట మనమంతా విన్నదే. కానీ పన్నుతో పాటు ఇంకోటి కూడా పోతుంది. అది దవడ ఎముక.

పంటి వేరు ఎముకకి నేరుగా అతుక్కుని ఉండదు. మధ్యలో సన్నటి నారపొర ఉంటుంది. నమిలినప్పుడు ఒత్తిడి ఆ పొర ద్వారానే ఎముకకి చేరుతుంది. చుట్టూ ఉన్న పల్చటి ఎముకకి కొంత రక్తం కూడా దాన్నుంచే అందుతుంది. పన్ను పీకితే రెండూ బంద్. ఎవరూ వాడని మెమరీని గార్బేజ్ కలెక్టర్ వెనక్కి లాక్కున్నట్టు, శరీరం ఆ ఎముకని కరిగించేస్తుంది. 2003లో వచ్చిన ఒక డెన్మార్క్ పరిశోధన ప్రకారం, పన్ను తీసిన చోట ఏడాదిలో ఎముక వెడల్పు దాదాపు సగం తగ్గింది. అందులో మూడింట రెండు వంతులు మొదటి మూడు నెలల్లోనే పోయింది.

ఇంప్లాంట్ అంటే టైటానియం స్క్రూ. స్వీడన్‌కి చెందిన బ్రోనెమార్క్ 1965లో దాన్ని మొదటిసారి మనిషి దవడలో పెట్టాడు. స్క్రూ ఎంత మంచిదైనా దిగడానికి గోడ ఉండాలి కదా!

గోడని కాపాడే దారులున్నాయి. వేరు గట్టిగా ఉంటే రూట్ కెనాల్ చేసి క్యాప్ వేస్తారు. పీకక తప్పకపోతే ఆ గుంతలో ఎముక పొడి నింపుతారు. ముందుపళ్ళకైతే ఇంకో పద్ధతి ఉంది, సాకెట్ షీల్డ్. 2010లో హ్యూర్జెలర్ బృందం దీన్ని ప్రకటించింది. వేరులో పెదవి వైపు ముక్కని అలాగే ఉంచి, దాని వెనక ఇంప్లాంట్ దించుతారు. చెయ్యి బాగా తిరిగిన డాక్టర్ కావాలి.

మా మామ్మ "ఉన్నయి కూడా పీకించీసి సెట్టు ఎట్టించీయండర్రా" అంటోంది. ఆవిడకి కింద రెండు కోరపళ్ళు ఇంకా గట్టిగానే ఉన్నాయి. అన్నీ పీకేసి సెట్టు పెట్టుకున్నవాళ్ళని టాల్‌గ్రెన్ 25 ఏళ్ళ పాటు గమనించి 1972లో రాసింది: కింది దవడ పై దవడ కంటే నాలుగు రెట్లు ఎక్కువ అరిగిపోయింది. ఆ రెండు కోరపళ్ళనీ కోసి పొట్టి చేసి, వేర్లు ఉంచి, వాటి మీద సెట్టు కూర్చోబెట్టొచ్చు. అప్పుడు ఎముకా నిలుస్తుంది, సెట్టూ జారదు.

మన శ్రీకాకుళం వైపు ఇంకో చిక్కుంది, అడ్డపొగ. నిప్పున్న కొస నోట్లో పెట్టి చుట్ట కాల్చడం అంగిలికి క్యాన్సర్ తెస్తుందని చాలామందికి తెలుసు. ఏ రకం పొగైనా చిగుళ్ళనీ ఎముకనీ దెబ్బతీస్తుంది, ఇంప్లాంట్ కూడా సరిగ్గా అతుక్కోదు.

ఇంట్లో ఎవరినైనా పన్ను పీకించడానికి తీసుకెళ్తే కుర్చీలో కూర్చోకముందే రెండు ప్రశ్నలు అడగండి: "వేరు ఉంచొచ్చా? తీస్తే ఎముకకి ఏం చేస్తారు?"