ఇయర్‌ఫోన్ పిన్నుకు ఆ గీతలెందుకు?

మీ ఇంట్లో వైరున్న ఇయర్‌ఫోన్ ఉందా? చేతిలోకి తీసుకోండి. ఫోనులో గుచ్చే పిన్నును దగ్గరగా చూడండి. ఒకటే కడ్డీలా కనిపిస్తుంది. కానీ దాని మీద సన్నటి నల్ల గీతలుంటాయి. కొన్నిటికి తెల్లగా ఉంటాయి. ఆ గీతలు అందం కోసం పెట్టినవి కావు. అవి గోడలు. ఒక గదిలోని కరెంటును పక్క గదిలోకి పోనివ్వవు.

గీతలు లెక్కపెట్టండి. రెండుంటే మూడు గదులు. మూడుంటే నాలుగు గదులు. వినడానికి మాత్రమే అయితే మూడు గదులు చాలు. మాట్లాడే మైకు కూడా ఉంటే నాలుగు కావాలి.

కొన మీది గది ఎడమ చెవిది. దాని పక్కది కుడి చెవిది. మూడోది అందరికీ ఉమ్మడి. నాలుగోది మైకుది. ఇప్పటి ఫోన్లలో చాలావరకు ఇదే వరస. పాత ఫోన్లు కొన్నిటిలో చివరి రెండూ తారుమారుగా ఉండేవి. అందుకే ఒక ఫోనుది ఇంకో ఫోనుకు పెడితే ఒక్కోసారి మాట సరిగ్గా రాదు.

ఈ రకం పిన్ను పాత కాలం నాటిదే. మొదట్లో టెలిఫోను ఎక్స్‌ఛేంజీల్లో దీన్ని వాడారు. అప్పటిది లావుగా ఉండేది. ఒకరి ఫోను ఇంకొకరికి కలపాలంటే పిన్ను తీసి కన్నంలో గుచ్చాలి. ఆ పని ఎక్కువగా ఆడవాళ్లే చేశారు. 1878లో అమెరికాలోని బోస్టన్‌లో ఎమ్మా నట్ అనే ఆవిడ ఈ ఉద్యోగంలో చేరింది. ఈ పనిలో చేరిన మొదటి మహిళ ఆమే. ఆ లావు పిన్ను ఇప్పటికీ మైకు సెట్లలో కనిపిస్తుంది. మన చేతిలోది 3.5 మిల్లీమీటర్ల మందం ఉంటుంది.

సరే, ఉమ్మడి గది ఎందుకు? కరెంటు వెళ్లడానికి ఒక దారి, తిరిగి రావడానికి ఇంకో దారి ఉండాలి. తిరిగొచ్చే దారి లేకపోతే అసలు పోనే పోదు. రెండు చెవులకూ, మైకుకూ ఆ తిరుగు దారి ఒకటే.

ఈ ఉమ్మడి తీగ తెగితే ఒక వింత జరుగుతుంది. పాట పెడితే వాద్యాలు వినిపిస్తాయి. పాడే గొంతు మాత్రం నూతిలోంచి వచ్చినట్టుంటుంది. కొన్ని పాటల్లో అసలే వినపడదు. ఎందుకని? గొంతును సాధారణంగా రెండు చెవులకూ ఒకేలా పంపుతారు. ఒక తలుపును అటు ఒకరు, ఇటు ఒకరు సమానంగా తోస్తే కదులుతుందా? కదలదు. ఇదీ అంతే. వాద్యాలు ఒక్కో చెవికి ఒక్కోలా వస్తాయి కాబట్టి మిగులుతాయి.

ఫోనులో అవతలి వాళ్ల మాట కూడా రెండు చెవులకూ ఒకేలా వస్తుంది. పట్నం నుంచి కొడుకు ఫోను చేస్తాడు. మాట వినపడదు. ఫోనే పోయిందనుకుంటాం. కొత్త దానికి అప్పు చేస్తాం! ముందు పిన్ను పీకి మాట్లాడి చూడండి. మాట బాగా వినిపిస్తే ఫోను బాగానే ఉంది. చెడింది ఇయర్‌ఫోనే.

తీగ ఎక్కువగా పిన్ను మెడ దగ్గరే తెగుతుంది. అక్కడే మాటిమాటికీ వంగుతుంది కదా. వైరు పట్టుకుని లాగినా, ఫోనుకు బిగించి చుట్టినా త్వరగా తెగుతుంది. మెడ దగ్గర అటూ ఇటూ కదిపి చూడండి. మాట వచ్చి పోతుంటే తెగింది అక్కడే. గోడ కరెంటు ప్లగ్గులో మాత్రం ఈ పిన్నును ఎప్పుడూ పెట్టకండి. పిల్లల్ని పెట్టనివ్వకండి.

వైరు లోపల వెంట్రుకల్లాంటి రాగి తీగలుంటాయి. వాటికి రంగు పూత ఉంటుంది. ఎరుపు ఎక్కువగా కుడి చెవిది. ఆకుపచ్చ గానీ నీలం గానీ ఎడమది. రాగి రంగుది ఉమ్మడి. అన్ని కంపెనీలూ ఇవే రంగులు వాడవు. ఆ పూతను కాల్చాలి, లేదా గీకాలి. అలా చేయకుండా టంకం వేస్తే అతకదు.

మరీ చవక ఇయర్‌ఫోనైతే బాగుచేయించడం దండగే. మంచిదైతే పారేయకండి. తెగిన చోట కోసి కొత్త పిన్ను వేయమని షాపులో అడగండి. డబ్బులు ఇచ్చే ముందు అక్కడే పెట్టి చూడండి. ఎడమ చెవి, కుడి చెవి విడివిడిగా వినండి. ఎవరికైనా ఫోను చేసి, మీ మాట వాళ్లకు వినపడుతోందా అని కూడా అడగండి.